పొరుగు కన్ను: తారీఖుల మేస్త్రిగారి ముప్పై ఆరేళ్ళు

1988 సెప్టెంబరు ఒకటవ తేదీ, గురువారం, ఉదయం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు, ఇరవై నాలుగేళ్ళ సన్నటి యువకులొకరు మన ముద్రణాలయం మెట్లెక్కి, కంపోజింగు విభాగం గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చునా అని మూడుసార్లు అడిగారు. యంత్రాల హోరులో ఆ మూడూ ఎవరికీ వినిపించలేదు. నాలుగోసారి అడగకుండానే లోపలికి వచ్చేశారు. అలా వచ్చినవారు ముప్పై ఆరు సంవత్సరాలపాటు బయటికి వెళ్ళే ఆలోచన చేయలేదు. నేడు, ఆగస్టు ముప్పై ఒకటవ తేదీన పదవీ విరమణ చేస్తున్న మన క్యాలెండరు విభాగాధిపతి, పెద్దలకూ పిన్నలకూ 'తారీఖుల మేస్త్రిగారు'గా సుపరిచితులైన సహృదయులు వారే.

ఆనాటి ఫోర్‌మన్‌గారు వయోవృద్ధులు, ముక్కు చివర కళ్ళజోడు, చెవి వెనక పెన్సిలు. కొత్తగా వచ్చిన యువకుణ్ణి ఎగాదిగా చూసి, "కొత్త సంవత్సరం నాడు వచ్చావు నాయనా, మంచిదే" అన్నారు. సెప్టెంబరులో కొత్త సంవత్సరమేమిటి, పెద్దాయనకు మతి గానీ తప్పిందా అనుకున్నారు మన మేస్త్రిగారు. అప్పుడాయన గోడకున్న ఒక క్యాలెండరు చూపించి, తూర్పు ఆర్థడాక్సు సంఘంవారికి ఆరాధనా సంవత్సరం ఈ రోజునే మొదలవుతుందని చెప్పి, "మరి మీ చర్చిలో ఏడాది ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగారు. మేస్త్రిగారు లూథరన్ కుటుంబంలో పుట్టి, ఊహ తెలిసిన నాటి నుంచి ఒక్క ఆదివారం మానకుండా చర్చికి వెళ్ళినవారు. అయినా జవాబు తెలియలేదు. ఆ తెలియకపోవడంతోనే ఆయన విద్య ప్రారంభమైంది.

మేస్త్రిగారి సేవలను సముచితంగా ప్రశంసించాలంటే, ఈ సభకు విచ్చేసిన బంధుమిత్రుల కోసం, మన ప్రెస్సు చేసే పని ఏమిటో నాలుగు మాటల్లో విన్నవించక తప్పదు. క్యాలెండరే కదా, పన్నెండు కాగితాలూ ఒక మేకూ అనుకునేవారు అనుకోవచ్చు. కానీ ఒకే ప్రభువును ఆరాధించే సంఘాలు ఒకే ఏడాదిని ఏడు దారుల్లో నడుస్తాయి. ఆ ఏడింటికీ ఏడు క్యాలెండర్లు మన దగ్గరే అచ్చవుతాయి. కాథలిక్కులకూ, ఆంగ్లికన్లకూ, లూథరన్లకూ ఏడాది ఆగమన కాలంతో, అంటే క్రిస్మస్‌కు ముందరి నాలుగో ఆదివారంతో ఆరంభం. క్రిస్మస్, కొత్త లెక్కకు మారిన ఆర్థడాక్సువారితో సహా చాలామందికి డిసెంబరు ఇరవై ఐదు, పాత లెక్క విడిచిపెట్టని ఆర్థడాక్సువారికి జనవరి ఏడు, అర్మేనియా సంఘంవారికి జనవరి ఆరు. ఈస్టరుకు ముందరి ఉపవాసం, అంటే శ్రమకాలం, పడమటివారికి భస్మ బుధవారంతో మొదలై, మధ్యలో వచ్చే ఆదివారాలను లెక్కలో వదిలేసి నలభై రోజులవుతుంది. తూర్పువారికి సోమవారంతో మొదలై, ఆదివారాలను కలుపుకుని నలభై అవుతుంది, ఆ పైన ఈస్టరు ముందరి శ్రమల వారం వేరే. ఇక ఈస్టరు సంగతి సరేసరి. తూర్పు పడమరల లెక్కలు కొన్నేళ్ళు ఒకే ఆదివారం కలుస్తాయి, కొన్నేళ్ళు వారం ఎడం, కొన్నేళ్ళు ఏకంగా ఐదు వారాల ఎడం. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలకు వేసే ఏడో క్యాలెండరులో మాత్రం పండుగలను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

రంగుల గొడవ మరొకటి. ఉపవాస కాలానికి ఊదా, పునరుత్థానానికి తెలుపు, పెంతెకొస్తు పండుగకు ఎరుపు, పండుగలు లేని మామూలు వారాలకు ఆకుపచ్చ. కాథలిక్కులకు ఏడాదిలో రెండే రెండు ఆదివారాలు గులాబీ. లూథరన్లలో కొందరికి ఆగమన కాలం ఊదా కాదు, నీలం. ఏటా అక్టోబరు నెలలో మన ఇంకు కలిపే తాతగారు, "ఈ రెండు గులాబీ ఆదివారాల కోసం నేను ఒక డబ్బా ఇంకు కలిపి మిగతాది ఎవరి నెత్తిన పొయ్యను?" అని విసుక్కోవడమూ, మేస్త్రిగారు ఆయనకు టీ తెప్పించి ఊరుకోబెట్టడమూ ఈ కార్యాలయపు ఆచారాల్లో ఒకటి.

ఫోర్‌మన్‌గారి బోధనా పద్ధతి విలక్షణమైనది. ఏడాదికి ఒక్క క్యాలెండరు చొప్పున శిష్యుడి చేతికిచ్చి, "వాళ్ళ తేదీ అచ్చువేసే ముందు, ఆ రోజున వాళ్ళెలా ఉంటారో చూసి రా" అని పంపేవారు. ఆ ప్రకారం మేస్త్రిగారు ఏడేళ్ళలో ఏడు రకాల చర్చిల వెనక వరుసల్లో నిలబడ్డారు. భస్మ బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని పొరపాటున అలాగే ఆఫీసుకు వచ్చి, యంత్రం మసి అంటిందనుకున్న సహోద్యోగి తడిగుడ్డతో తుడవబోతే వెనక్కి గంతేశారు. ఆర్థడాక్సు వారి ఆరాధనలో మూడు గంటలు నిలబడి, కూర్చోవడానికి కుర్చీ ఎక్కడుందని పక్కవారిని అడిగి, లేదని తెలుసుకున్నారు. ఏడో ఏట పెంతెకొస్తు వారి హాలుకు వెళ్ళి, "మీ శ్రమకాలం ఎప్పుడండీ?" అని అడిగితే, అక్కడి పాస్టరుగారు కాస్త ఆలోచించి, "కష్టమొచ్చినప్పుడు" అన్నారట. ఆ జవాబును ఏ గడిలో వేయాలో తెలియక మేస్త్రిగారు రెండు రోజులు సతమతమయ్యారు.

ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడాది వారికి లెక్కల టీచరుగారితో వివాహమైంది, ఆ తరువాతి ఏడాది ఏకైక కుమార్తె జన్మించింది. 1996లో ఫోర్‌మన్‌గారు విశ్రాంతి తీసుకోగా విభాగ బాధ్యతలు మేస్త్రిగారి భుజాల మీద పడ్డాయి. నాటి నుండి నేటి వరకు ఏడు క్యాలెండర్లలో ఒక్క తేదీ తప్పు పోలేదంటే అతిశయోక్తి కాదు, లెడ్జరు తెరిచి చూసుకోవచ్చు. పాస్టర్లు ఫోను చేసేవారు, బిషప్పుల గుమాస్తాలు ఫోను చేసేవారు, ఎవరి ఉపవాసం ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని సరుకు తగ్గించుకోవడానికి మాంసం దుకాణం యజమాని కూడా ఫోను చేసేవాడు. అందరికీ ఒకే మర్యాదతో జవాబు చెప్పేవారు. 2004లో కంప్యూటర్లు వచ్చి, వందేళ్ళ ఈస్టరు తేదీలు రెప్పపాటులో తెర మీద పడేసరికి, మేమందరం ఆయన ముఖం వైపు చూశాం. ఆయన పెన్సిలుతో ఆ తేదీలన్నీ తిరిగి లెక్కగట్టి, సరిపోయాయని తేలాక, యంత్రాన్ని ఒకసారి భుజం తట్టినట్టుగా తట్టి, "బాగా చదువుకున్నావు" అన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేస్త్రిగారు రచ్చ గెలిచి ఇంట ఓడిన వృత్తాంతం ఇక్కడ చెప్పక తప్పదు. చెప్పవద్దని వారు బతిమాలారు. చెప్పి తీరాలని వారి కుమార్తె ఆదేశించారు. కూతురి మాటే నెగ్గింది.

2015లో అమ్మాయికి సంబంధం కుదిరింది. అబ్బాయి మందుల దుకాణంలో పనిచేస్తున్నాడు, నెమ్మదస్తుడు, తల్లికి ఒక్కడే. ఆ తల్లిగారు భర్త పోయాక దర్జీ దుకాణం నడిపి కొడుకును పెంచిన మనిషి. మెడలో ఎప్పుడూ కొలతల టేపు, నోట్లో ఎప్పుడూ ఒక గుండుసూది, మాట కూడా ఇంచుమించు అలాంటిదే. వారిది ఆర్థడాక్సు కుటుంబం. పెళ్ళి తేదీ మాట వచ్చినప్పుడు ఆవిడ, "దేశానికి తేదీలు చెప్పే ఇంటివారు, మేం చెప్పేదేముంది, మీరే పెట్టండి అన్నయ్యగారూ" అన్నారు. మేస్త్రిగారు పొంగిపోయారు. వంటింటి గోడనున్న క్యాలెండరు చూశారు. ఉపవాస కాలంలో పెళ్ళిళ్ళు చేయరు గనుక, ఏప్రిల్ అయిదున ఈస్టరు వెళ్ళాక వచ్చే మొదటి శనివారం, ఏప్రిల్ పదకొండు, ఖాయం చేశారు. మన ప్రెస్సులోనే, మంచి మందపాటి కాగితం మీద, నాలుగు వందల శుభలేఖలు అచ్చయ్యాయి. ప్రూఫు ఆయనే స్వయంగా నాలుగుసార్లు దిద్దుకున్నారు. అక్షరం పొల్లుపోలేదు.

మొదటి శుభలేఖ వియ్యపురాలుగారి చేతికే ఇవ్వాలని, పళ్ళ బుట్ట పట్టుకుని దర్జీ దుకాణానికి వెళ్ళారు. ఆవిడ కుట్టుమిషను ఆపి, చేతులు తుడుచుకుని, శుభలేఖ పైనుంచి కిందికి చదివి, నోట్లో గుండుసూది తీసి పక్కన పెట్టారు. అది మంచి శకునం కాదని మేస్త్రిగారికి అప్పుడు తెలియదు.

"అన్నయ్యగారూ, ఈ గోడ మీద క్యాలెండరు ఎవరేశారు?"

"మేమేనమ్మా."

"ఏప్రిల్ నెల తియ్యండి."

మేస్త్రిగారు తీశారు. ఏప్రిల్ పదకొండు గడిలో, తాను ఎంచుకున్న టైపులో, తాను దిద్దిన అక్షరాల్లో, 'పరిశుద్ధ శనివారం, కఠిన ఉపవాసం' అని ఉంది. ఆ ఏడాది తూర్పువారి ఈస్టరు పడమటి ఈస్టరుకు సరిగ్గా వారం తరువాత, ఏప్రిల్ పన్నెండున. ఆ సంగతి మేస్త్రిగారికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కూతురి పెళ్ళికి తేదీ పెట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

"ఆ రోజు ప్రభువు సమాధిలో ఉంటాడు. మేమంతా నల్లబట్టలు కట్టుకుని గుళ్ళో ఉంటాం" అన్నారావిడ. "నా కొడుకు తల మీద పెళ్ళి కిరీటం ఎవరు పెడతారండీ?"

"ముందే ఒక్క మాట చెప్పాల్సింది కదమ్మా."

"మీకు నేను తేదీ చెప్పడమా? తాతకు దగ్గులు నేర్పినట్టుంటుంది."

"పోనీ, ఒక్క వారం జరుపుదాం."

"ఆ వారం కూడా కుదరదు. ఈస్టరు తర్వాత వారమంతా మాకు పండుగే, పెళ్ళిళ్ళు చెయ్యరు. అది కూడా మీరు వేసిందాంట్లోనే ఉంది, చూడండి."

మేస్త్రిగారు చూశారు, ఉంది. బొత్తాల డబ్బాలు పెట్టుకునే ముక్కాలిపీట మీద కూలబడ్డారు. ఆవిడ మంచినీళ్ళిచ్చారు. తరువాత అన్న మాట కోపంతో అన్నది కాదు, అందుకే అది ఆయన గుండెలో నాటుకుపోయింది.

"తేదీదేముంది అన్నయ్యగారూ, మార్చుకుంటాం. కానీ నాకు ఒకటే బెంగ. ఇన్నేళ్ళుగా మా గోడ మీద మా రోజులన్నీ మీరే రాశారు. వాటిల్లో ఒక్కటీ మీ ఇంట్లో గుర్తు లేదు. రేపు నా కోడలు మా ఉపవాసం రోజున పుట్టింటికొస్తే, దానికి మీరేం పెడతారు?"

మేస్త్రిగారు ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని లేచారు. ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పారు. లెక్కల టీచరుగారు, "వంటింటి గోడకి ఒక్క మేకే ఉంది కదండీ, ఒక్క క్యాలెండరే కనిపించింది" అని, రెండో మేకు కొట్టడానికి సుత్తి వెతకడం మొదలుపెట్టారు. మేస్త్రిగారు మాత్రం మర్నాడు ఉదయం రాజీనామా పత్రంతో అప్పటి మేనేజరమ్మగారి గదికి వెళ్ళారు. సొంత కూతురి తేదీ తప్పినవాడికి ఊరందరి తేదీలు దిద్దే అర్హత లేదన్నది దాని సారాంశం.

మేనేజరమ్మగారు పత్రం చదివి, మడిచి, పేపరు వెయిటు కింద పెట్టారు. "ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పండి."

"మరిచిపోయానండీ."

"మీరు మరిచిపోరు."

మేస్త్రిగారు, "ఎవరి తేదీ వాళ్ళకి తప్పులా కనిపించదండీ. నా గోడే నేను చూసుకున్నాను" అన్నారు.

"అయితే ఆ మాట మీదే ఒక రూలు రాసుకురండి" అన్నారావిడ.

ఈ విధంగా ఆవిర్భవించినదే మన ప్రెస్సుకు పేరు తెచ్చిన 'పొరుగు కన్ను' నిబంధన. ఏ సంఘం క్యాలెండరునైనా ఆఖరి ప్రూఫు దిద్దవలసింది ఆ సంఘానికి చెందినవారు కాదు, మరో సంఘంవారు. తేదీలు సరిచూస్తే చాలదు. ఆ రోజున వారు తింటారా, పస్తుంటారా, సంతోషిస్తారా, దుఃఖిస్తారా తెలుసుకుని, ప్రూఫు మూల సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే అచ్చుకు వెళ్ళకూడదు. ఆ ఏటి నుండి కాథలిక్కుల క్యాలెండరును మన కటింగు మిషను బాప్టిస్టు సోదరుడు, లూథరన్లదాన్ని అర్మేనియా సంఘపు స్టోరుకీపరుగారు దిద్దుతున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత మన దగ్గర ఆఫీసు ఉత్తర్వుగా అమలైంది.

ఆర్థడాక్సువారి క్యాలెండరు పెంతెకొస్తు కుటుంబానికి చెందిన మన బైండింగు అక్కకు వచ్చింది. అక్క మొదట్లో ససేమిరా అన్నారు. "మా చర్చిలో ప్రతి ఆదివారం ఈస్టరే. మాకు లేని పండుగలన్నీ నేనెందుకు బట్టీ పట్టాలి?" అని అడిగారు. "మీకు లేవు కాబట్టే అక్కా, కొత్త కళ్ళతో చూస్తారు" అన్నారు మేస్త్రిగారు. "చూసి చూసి నా కళ్ళు పోతాయి" అంటూనే సంతకం పెట్టారు. ఆ పై తొమ్మిదేళ్ళు, ఏటా పెడుతూనే ఉన్నారు, ఏటా గొణుగుతూనే ఉన్నారు.

పెళ్ళి ఏప్రిల్ పంతొమ్మిది ఆదివారానికి మారింది. నాలుగు వందల శుభలేఖలు మళ్ళీ అచ్చువేద్దామంటే మేస్త్రిగారు ఒప్పుకోలేదు. తప్పు కనబడాలి, దాని మీద దిద్దుబాటు కనబడాలి, అదే మన వృత్తి ధర్మమన్నారు. చిన్న సవరణ చీటీ అచ్చువేయించారు. దాని మీద ఇలా ఉంది: 'తేదీ తప్పు పెళ్ళికూతురి తండ్రిది. వధూవరులది కాదు, దేవుడిది అసలే కాదు. ఏప్రిల్ పంతొమ్మిదిన తప్పక రాగలరు.' రెండు రోజులు మధ్యాహ్న భోజనాల వేళ, మైదా జిగురు గిన్నెల చుట్టూ కూర్చుని, ఆఫీసంతా ఆ చీటీలు అంటించాం. పెళ్ళికి పిలిచినవారందరూ వచ్చారు, పిలవనివారు కొందరు ఆ చీటీ చూసి వచ్చారు.

నాటి నుండి మేస్త్రిగారి వంటింట్లో రెండు గోడలకు రెండు మేకులు, రెండు క్యాలెండర్లు. కూతురు వచ్చే రోజున టీచరుగారు రెండో గోడ చూసి గానీ పొయ్యి వెలిగించరు. వియ్యపురాలుగారు ఏటా సెప్టెంబరులో ప్రూఫు తెప్పించుకుని, గుండుసూదితో ఒక్కొక్క గడీ పొడుస్తూ చదివి, "ఈసారి బతికిపోయారు అన్నయ్యగారూ" అని తిప్పి పంపుతారు. ఆ ప్రూఫుల మీది సూది బెజ్జాలు మన రికార్డు గదిలో భద్రంగా ఉన్నాయి.

అయితే ఈ చివరి ఏడాది మేస్త్రిగారికి సుఖంగా గడవలేదన్న సత్యాన్ని కూడా సవినయంగా ఒప్పుకోవాలి. కొత్త మేనేజరుగారు సమర్థులు, త్వరగా పని జరగాలనే తపన ఉన్నవారు. పొరుగు కన్ను వల్ల ఏటా మూడు వారాలు ఆలస్యమవుతోందని, తేదీలు యంత్రం తప్పకుండా చూపిస్తున్నప్పుడు బైండింగువారు ఉపవాసాలు చదవనక్కరలేదని అన్నారు. "మీరున్నన్నాళ్ళు ఉంచుదాం మేస్త్రిగారూ. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ 'తర్వాత' అన్న మాట మేస్త్రిగారిని తొలిచేసింది. పింఛను గురించీ, తన కుర్చీ ఎవరికిస్తారన్న దాని గురించీ ఆయన ఒక్కనాడూ మాట్లాడలేదు. ప్రూఫు బల్ల దగ్గరికి వచ్చి మాత్రం, "నేను వెళ్ళాక ఎవరి గోడ వాళ్ళే చూసుకుంటారేమో" అని ఒకటికి నాలుగుసార్లు అన్నారు. అలా ఉండదండీ అని మేమన్నాం. కానీ ఆ మాట మాకే గట్టిగా రాలేదు.

ఈ నెల మొదటి వారంలో వీడ్కోలు సభకు కమిటీ ఏర్పడింది. సభ తరువాత విందు, కూతురి అత్తవారితో సహా కుటుంబమంతటికీ ఆహ్వానం. ముప్పై ఒకటి శనివారం, సగం పూట ఆఫీసు, కాబట్టి అంతకు ముందే పెట్టుకుందామన్నారు. బుధ, శుక్రవారాలు ఆర్థడాక్సువారికి ఉపవాసమని ఇప్పుడు మన ఆఫీసులో టీ తెచ్చే అతనికి కూడా తెలుసు గనుక, ఆ రెండూ జాగ్రత్తగా తప్పించి, ఇరవై తొమ్మిది గురువారం ఖాయం చేశాం. మనమెంత జాగ్రత్తపరులమో అని మా భుజాలు మేమే చరుచుకున్నాం. కార్డులు అచ్చయ్యాయి, మొదటి కార్డు మేస్త్రిగారి చేతికి ఇచ్చాం. ఆయన చదివారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ చదివి, "చాలా బాగుంది. అందరికీ కృతజ్ఞతలు" అన్నారు. ఆనందబాష్పాలని మేమనుకున్నాం.

అసలు సంగతి టీచరుగారు తరువాత చెప్పగా తెలిసింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆయన రెండో గోడ ముందు నిలబడ్డారట. ఆగస్టు ఇరవై తొమ్మిది బాప్తిస్మమిచ్చు యోహానుగారి శిరశ్ఛేదన దినం. పేరుకు పండుగే గానీ ఆర్థడాక్సువారికి ఆ రోజు, ఏ వారమైనా సరే, కఠిన ఉపవాసం.

"ఫోను చేసి చెప్పెయ్యండి, మారుస్తారు" అన్నారు టీచరుగారు.

"నా వీడ్కోలుకి నేనే ప్రూఫు దిద్దుకోవాలా?"

"మరి అమ్మాయి, వదినగారు వచ్చి పస్తు కూర్చోవాలా?"

"ఎవరి కన్నయినా పడుతుందేమో, రెండు రోజులు చూద్దాం" అన్నారట. ఆ సాయంత్రమే వియ్యపురాలుగారి ఫోను వచ్చింది. తేదీ ఆఫీసువారు కబురు చేశారనీ, తప్పక వస్తామనీ, తమ కోసం ఏమీ మార్చవద్దనీ, ఉడకబెట్టిన దుంప రెండు ముక్కలు చాలనీ ఆవిడ చెప్పారు. గుండుసూది లాంటి మనిషి అంత మెత్తగా మాట్లాడటం మేస్త్రిగారు భరించలేకపోయారు. ఫోను పెట్టేసి, అన్నం తినకుండా పడుకున్నారట.

ఒక రోజు గడిచింది. తప్పు ఎవరి కంటా పడలేదు. మేస్త్రిగారు మామూలుగానే వచ్చి, మామూలుగానే పనిచేసి, వెళ్ళిపోయారు. ఆయన ఎవరి ముఖం చూసినా ఒక క్షణం ఎక్కువ చూశారని ఇప్పుడు గుర్తొస్తోంది. రెండో రోజు మధ్యాహ్నం, కార్డులను కవర్లలో పెట్టే పని బైండింగు విభాగానికి వెళ్ళింది. అక్క కార్డు చేతిలోకి తీసుకున్నారు, పెదవులు కదుపుతూ చదివారు, ఆగారు. లేచి నేరుగా మేనేజరుగారి గదికి వెళ్ళి, తలుపు కూడా తట్టకుండా లోపలికి వెళ్ళారు.

"ఇరవై తొమ్మిది ఎవరు పెట్టారండీ? ఆ రోజు యోహానుగారి తల తీసిన రోజు. మేస్త్రిగారి కూతురు, ఆ పిల్ల అత్తగారు పచ్చి మంచినీళ్ళతో ఉంటారు. వాళ్ళ ముందు కూర్చుని మనం విందు తింటామా?"

మేనేజరుగారు కంప్యూటరు వైపు చూశారు. ఈస్టరు తేదీలన్నీ అందులో ఉన్నాయి, ఇది అందులో అడిగితే తప్ప చెప్పదు. అడగాలని ఎవరికీ తోచలేదు. "మీకెలా తెలుసమ్మా? మీ చర్చిలో అవేవీ లేవు కదా?" అని అడిగారు.

"లేవు. తొమ్మిదేళ్ళుగా తిట్టుకుంటూ చదువుతున్నాను కదండీ."

మూడో రోజు ఉదయం మేస్త్రిగారు వచ్చేసరికి ఆయన బల్ల మీద ఒక కార్డు ఉంది. తేదీ మీద చిన్న చీటీ, మైదా జిగురు ఇంకా తడి ఆరలేదు. దాని మీద ఇలా ఉంది: 'తేదీ తప్పు ఆఫీసుది. మేస్త్రిగారిది కాదు, దేవుడిది అసలే కాదు. ఆగస్టు ముప్పై ఒకటి శనివారం తప్పక రాగలరు.' కింద మూలన, ఆఖరి ప్రూఫు మీద పెట్టినట్టే, పొరుగు కన్ను అని రాసి బైండింగు అక్క సంతకం. దాని పక్కన, కొత్త సిరాతో, మేనేజరుగారి సంతకం కూడా ఉంది.

మేస్త్రిగారు ఆ చీటీని రెండుసార్లు చదివారు. తరువాత బైండింగు గదికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చునా అని అడిగారు. ఈసారి యంత్రాలన్నీ ఆపి ఉన్నాయి, అందరికీ వినిపించింది. అక్క తలెత్తకుండా, "రండి, జిగురు తొక్కకండి" అన్నారు. ఆయన లోపలికి వచ్చి, బెంచీ చివర కూర్చుని, కార్డులకు చీటీలు అంటించడం మొదలుపెట్టారు. కన్నీళ్ళు కార్డుల మీద పడకుండా తల పక్కకు తిప్పుకున్నారు. వచ్చే ఏటి క్యాలెండర్లన్నిటికీ పొరుగు కన్ను యథాతథంగా కొనసాగుతుందని ఆ మధ్యాహ్నమే మేనేజరుగారు నోటీసు బోర్డులో పెట్టించారు. ఆర్థడాక్సువారి క్యాలెండరుకు అక్క పేరే ఉంది. అక్క నోటీసు చదివి, "నన్నడిగారా?" అన్నారు. చెరిపెయ్యమని మాత్రం అనలేదు.

రేపు సెప్టెంబరు ఒకటి. మేస్త్రిగారి వంటింట్లో రెండో గోడ మీద కొత్త సంవత్సరం మొదలవుతుంది, మొదటి గోడ మీద ఆకుపచ్చ రంగు మామూలు ఆదివారమే నడుస్తుంది. ముప్పై ఆరేళ్ళపాటు అందరి పండుగలకూ కాపలా కాసిన ఈ ఉదారచిత్తులు ఇకపై ఏ పండుగా లేని రోజున కూడా నిశ్చింతగా, లెక్కల టీచరుగారి సాహచర్యంలో, కుమార్తె, అల్లుడి ఆదరణలో, ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో వర్ధిల్లాలని ముద్రణాలయ కుటుంబం హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తోంది.

నిబంధన నిబంధనే గనుక ఈ వ్యాసం ఆఖరి ప్రూఫు కూడా పొరుగు కంటికి వెళ్ళింది. దిద్దినవారు వియ్యపురాలుగారు. తేదీలన్నీ సూదితో పొడిచి చూసి సరేనన్నారు. ముగింపులో మేము, వారు 'నిండు నూరేళ్ళు' జీవించాలి అని రాశాం. ఆవిడ ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన పెన్సిలుతో ఇలా రాసి పంపారు: 'మా అన్నయ్యగారికి తేదీ పెట్టకండి.'